ఆపన్నుల కోసం బృందగానం: విశాఖ తీరాన బహుభాషా గాయక బృందాలు

(ప్రత్యేక వ్యాసం)

తుపాను, వరద, కరవు వంటి విపత్తులు సంభవించిన వేళ వివిధ భాషలకు, మతాలకు, ప్రాంతాలకు చెందిన గాయక బృందాలు ఒక్కచోట చేరి పాడి, తద్వారా సమకూరిన ధనాన్ని బాధితులకు అందజేసే సంప్రదాయం ప్రపంచంలో అనేక దేశాలలో ఉన్నది. రేవు నగరంగా, ఉక్కు నగరంగా పేరొందిన విశాఖపట్నం ఇటువంటి కార్యక్రమాలకు సహజమైన వేదిక. ఇక్కడ స్థిరపడిన వివిధ రాష్ట్రాల ప్రజల పాటలు వేర్వేరు. కాని వారిలో చాలామంది స్వస్థలాలను దెబ్బతీసే తుపానులు మాత్రం ఒకే బంగాళాఖాతంలో పుట్టేవి. ఈ కార్యక్రమాల పూర్వాపరాలను, వాటి నిర్వహణలో ఎదురయ్యే సంగీతపరమైన, పాలనాపరమైన అంశాలను పత్రికా ప్రతినిధుల, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసం వివరిస్తున్నది.

నానా భాషల నగరం

విశాఖపట్నం ఓడరేవులోకి తొలి నౌకగా సింధియా కంపెనీకి చెందిన ‘జలదుర్గ’ 1933 అక్టోబరు 7న ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న నాటి వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. రేవు నిర్మాణ బాధ్యతను వహించినది బెంగాల్–నాగపూర్ రైల్వే. రైలు, రేవు ఉద్యోగాలతో పాటు వంగ, ఉత్కళ కుటుంబాలు వాల్తేరు ప్రాంతంలో నిలదొక్కుకున్నాయి. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారైన ‘జలఉష’ నౌకను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమ ఫలితంగా సాధించుకున్న ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న శ్రీ పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉన్నందున దేశంలోని అన్ని ప్రాంతాలవారు ఉద్యోగరీత్యా ఈ నగరానికి వస్తూ పోతూ ఉంటారు.

ఈ విధంగా వచ్చినవారు తమ పాటను కూడా వెంట తెచ్చుకున్నారు. కాళీబాడిలో దుర్గాపూజల వేళ వంగ భాషా గీతాలు, కేరళ కళాసమితి ఆధ్వర్యంలో ఓణం పాటలు, ఉత్కళ సమాజంలో ఒడియా భజనలు, గురుద్వారాలో శబద్ కీర్తనలు వినిపిస్తాయి. తెలుగువారి సంగతి చెప్పనవసరం లేదు. త్యాగరాజ ఆరాధన సందర్భంగా పంచరత్న కీర్తనల గోష్ఠిగానం, వాడవాడలా భజన బృందాలు, కోలాట బృందాలు ఉండనే ఉన్నాయి. పల్లెల వైపు వెళ్తే తప్పెటగుళ్లు, జముకుల కథ, అరకు లోయలో థింసా నృత్యానికి తోడయ్యే పాట కనిపిస్తాయి. ఇవన్నీ ఒక్కరు పాడి పదిమంది వినేవి కావు, పదిమంది కలిస్తే తప్ప నడవనివి. సముదాయ గానానికి కావలసిన అలవాటు ఈ ప్రాంతంలో ముందునుంచీ ఉన్నదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

క్రైస్తవ గాయక బృందాల చరిత్ర ఈ నగరంలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, సువార్తలను తెలుగులోకి అనువదించే పనికి పూనుకున్నారు. ఆ తరువాతి తరంలో పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగ తాళాలలో తెలుగు క్రైస్తవ కీర్తనలు రచించారు. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో చేరి నేటికీ ఆరాధనలలో వినిపిస్తున్నాయి. ఒకే చర్చిలో ఒకే ఉదయం ఒక పాట పాశ్చాత్య పద్ధతిలో నాలుగు స్వరశ్రేణులలోను, మరొక పాట తాళం వేస్తూ కీర్తన పద్ధతిలోను పాడగలిగే గాయకులు ఈ తీరంలో తయారుకావడానికి మూలం అక్కడ ఉన్నది. రెండు సంగీతాల మధ్య దుబాసీలుగా వ్యవహరించగల ఇటువంటి గాయకులు బహుభాషా బృందాలకు ఎంతో విలువైనవారు.

ఓడరేవు ముఖద్వారం వద్ద మూడు కొండలు పక్కపక్కనే ఉన్న సంగతి నగరవాసులకు విదితమే. రాస్ కొండపై క్రైస్తవ మందిరం, పక్కనే వేంకటేశ్వరుని ఆలయం, ఇంకొక దానిపై దర్గా ఉన్నాయి. సముద్రంలోకి పోయే నావికులు మూడింటికీ మొక్కుకుంటారని ప్రతీతి. మతసామరస్యానికి ప్రతీకగా ఈ కొండల ఛాయాచిత్రం వెలువడని సంవత్సరం ఉండదు. అయితే మూడు కొండలు పక్కపక్కన ఉండటం, మూడు కొండల పాటలు కలవడం ఒకటి కావు. రెండవది దానంతట అది జరగదు. దానికి పూనిక, సాధన అవసరం.

పాట వెంట జోలె

సహాయార్థం పాడటం తెలుగునాట కొత్తగా వచ్చిన పద్ధతి కాదు. హరిదాసు తలపై అక్షయపాత్ర, జంగమదేవర చేత గంట, భజన బృందం వెంట జోలె ఉంటాయి. పాట పాడినచోట గుప్పెడు గింజలు రాలడం ఊరి ఆచారం. ఈ ఆచారాన్ని దూరప్రాంత బాధితుల కోసం వినియోగించడమే ఆధునిక కాలపు మార్పు.

ఈ మార్పునకు పెద్ద మలుపు 1943 నాటి బెంగాల్ కరవు. లక్షలాది ప్రజలు ఆకలితో మరణించిన ఆ ఘోరాన్ని దేశానికి తెలియజెప్పడానికి వంగ గాయకుడు వినయ్ రాయ్ నాయకత్వంలో ఒక సాంస్కృతిక దళం ఇతర రాష్ట్రాలలో పర్యటించి పాటల ద్వారా నిధులు సేకరించింది. అదే సంవత్సరం మే నెలలో బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘం ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో ప్రజా నాట్యమండలి రూపుదిద్దుకున్నదీ ఆ రోజులలోనే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోసి, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి ఇతివృత్తాలతో పాటు బెంగాల్ కరవును కూడా కథగా చెప్పారు. ఒక ముస్లిం కళాకారుడు, జంగం కథల నుంచి ఎదిగిన తెలుగు కళారూపంలో, వంగదేశపు ఆకలిని తెలుగు రైతులకు వినిపించిన సందర్భమది. సహాయార్థ గానంలో సంస్కృతుల కలయిక అనే మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. కథ విన్న రైతు బెంగాల్‌ను చూసి ఉండడు. కాని వంతలు అందుకున్న పాటలో ఆకలి అనే మాట అతనికి అర్థం కావడానికి అనువాదం అవసరం కాలేదు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పది వేల మంది ప్రాణాలు కోల్పోయినప్పుడు శ్రీ నందమూరి తారకరామారావు, శ్రీ అక్కినేని నాగేశ్వరరావు ప్రభృత సినీ కళాకారులు జోలెపట్టి విరాళాలు సేకరించారు. విశాఖపట్నం విషయానికి వస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం వద్దనే తీరం దాటింది. వేలాది చెట్లు, విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది. కమ్యూనికేషన్లు స్తంభించాయి. ఆ విపత్తు బాధితుల కోసం తెలుగు చలనచిత్ర పరిశ్రమ అదే ఏడాది నవంబరు 30న హైదరాబాదులో ‘మేము సైతం’ పేరిట పాటలు, నృత్యాలు, ఇతర వినోద కార్యక్రమాలతో నిధి సేకరణ చేపట్టింది. అంతకుముందు ఇతరుల కోసం జోలె పట్టిన నగరం ఆనాడు తానే సహాయం అందుకునే స్థితిలో ఉన్నది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచెత్తిన పెను తుపాను, 2018 అక్టోబరులో శ్రీకాకుళం ఉద్దానాన్ని నేలమట్టం చేసిన తిత్లీ, 2019 మేలో పూరీ వద్ద తీరం దాటిన ఫణి, 2020 మేలో బెంగాల్‌ను దెబ్బతీసిన అంఫన్, ఇవన్నీ ఒకే సముద్రం నుంచి వచ్చినవి. విశాఖలోని ఒడియా, వంగ, తెలుగు, తమిళ కుటుంబాలు ఈ వరుసలో ఒకసారి దాతలుగా, మరొకసారి బాధితులుగా నిలిచాయి. అరేబియా తీరపు కేరళ సైతం 2018 ఆగస్టు వరదలలో మునిగినప్పుడు ఆ రాష్ట్ర ప్రభుత్వం ఓణం అధికారిక వేడుకలను రద్దుచేసి ఆ నిధులను సహాయానికి మళ్లించింది. విశాఖలో ఈ సముదాయాలు కలిసి పాడటంలో దయాధర్మం కన్న ఇరుగుపొరుగు బదులు ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది.

డబ్లిన్ నుంచి న్యూయార్క్ దాకా

విదేశాలలో సహాయార్థ బృందగానానికి తొలినాటి ప్రసిద్ధ ఉదాహరణగా హాండెల్ రచించిన ‘మెసయ్యా’ ప్రదర్శనను పేర్కొంటారు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్ నగరంలో జరిగిన ఆ తొలి ప్రదర్శనలో రెండు పెద్ద చర్చిల గాయకులు కలిసి పాడారు. వారిలో ఒక చర్చికి అధిపతిగా ఉన్న జోనథన్ స్విఫ్ట్, అనగా ‘గలివర్ యాత్రలు’ గ్రంథకర్త, తమ గాయకులను పంపడానికి మొదట అభ్యంతరం చెప్పి తరువాత సమ్మతించారు. జనం పట్టాలనే ఉద్దేశంతో స్త్రీలు వెడల్పాటి గాడుల లంగాలు ధరించరాదని, పురుషులు కత్తులు ధరించి రావద్దని నిర్వాహకులు ముందుగానే ప్రకటించారు. వచ్చిన సొమ్మును రెండు ఆసుపత్రులకు, బాకీలు తీర్చలేక చెరసాలలో మగ్గుతున్నవారికి పంచారు. ఆ ధనంతో 142 మంది రుణగ్రస్తులు విడుదలయ్యారు. ఎంత వసూలైనది, ఎవరికి చేరినది, ఎందరికి మేలు జరిగినది అనే మూడు ప్రశ్నలకు రెండున్నర శతాబ్దాలు దాటిన తరువాత కూడా జవాబు దొరుకుతున్నదంటే అందుకు కారణం ఆనాటి పత్రికలు, లెక్కల పుస్తకాలు.

దీనికి భిన్నమైన అనుభవం 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో జరిగిన బంగ్లాదేశ్ సహాయ కచేరీది. పండిట్ రవిశంకర్ చొరవతో, జార్జి హారిసన్ సారథ్యంలో రెండు దేశాల సంగీతాలు ఒకే వేదికపైకి వచ్చాయి. టిక్కెట్లపై వచ్చిన 2,43,000 డాలర్లకు పైగా మొత్తం యునిసెఫ్‌కు చేరింది. కాని గ్రామఫోను రికార్డులపై, చలనచిత్రంపై వచ్చిన సొమ్ము, ముందుగా పన్ను మినహాయింపుకు దరఖాస్తు చేయనందువల్ల, అమెరికా పన్నుల శాఖ పరిశీలనలో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. కళాకారుల చిత్తశుద్ధిలో లోపం లేదు. కాగితాలలో లోపం ఉన్నది. శరణార్థులు ఎదురుచూసిన కాలానికి ఆ రెండింటి తేడా తెలియదు.

ఒకే వేదికపై పాడటం వేరు, కలిసి పాడటం వేరు

సాధారణంగా బహుభాషా సంగీత కార్యక్రమాలలో ఒక్కొక్క బృందం తన పాట తాను పాడి వేదిక దిగుతుంది. చివరకు అందరూ కలిసి జాతీయ గీతం ఆలపిస్తారు. ఇది ప్రదర్శనల వరుస మాత్రమే. ఒక బృందం భాషను మరొక బృందం నేర్చుకొని పాడినప్పుడే దానిని కలయికగా పరిగణించవలసి ఉంటుంది. వార్త రాసేవారు ఈ తేడాను గుర్తించవలసిన అవసరం ఉన్నది.

మన దేశంలో ఈ రెండవ పద్ధతికి బాటవేసినవారిలో సలిల్ చౌధురి, ఎం.బి. శ్రీనివాసన్ ముఖ్యులు. సలిల్ చౌధురి 1958లో బొంబాయి యూత్ కాయిర్‌ను నెలకొల్పారు. చిత్తూరులో 1925లో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ 1970ల తొలినాళ్లలో మద్రాసు యూత్ కాయిర్‌ను స్థాపించి, వివిధ భారతీయ భాషల గీతాలకు బృందగాన పద్ధతిలో స్వరకల్పన చేశారు. ఆకాశవాణి కేంద్రాలలోను బృందగాన శిక్షణకు ఆయన కృషి చేశారు. 1980లలో పాఠశాలల్లో సామూహిక గాన కార్యక్రమం చేపట్టినప్పుడు, పలు భాషల పాటలను ప్రతి విద్యార్థీ నేర్చుకోవాలన్న ఆలోచన వెనుక ఈ సంగీతకారుల అనుభవం ఉన్నది. అప్పటి ఉపాధ్యాయుల వద్ద నేర్చుకున్న పరభాషా గీతాలను నేటికీ మరువని పెద్దలు రాష్ట్రంలో తక్కువేమీ కాదు.

సాధనలో ముందుగా ఎదురయ్యే చిక్కు శ్రుతి. కర్ణాటక సంగీతంలో పురుషులు సాధారణంగా ఒకటో శ్రుతిలోను, స్త్రీలు ఐదో శ్రుతిలోను సౌకర్యంగా పాడతారు. ఒకే శ్రుతిలో అందరినీ పాడించబోతే సగంమంది గొంతులు పైస్థాయిలో బిగుసుకుపోతాయి, లేదా కిందిస్థాయిలో వినిపించకుండా పోతాయి. పాశ్చాత్య బృందగానంలో స్త్రీలకు రెండు, పురుషులకు రెండు చొప్పున నాలుగు స్వరశ్రేణులు ఏర్పరచి ఈ చిక్కును పరిష్కరిస్తారు. మన పాటలకు ఆ పద్ధతిని యథాతథంగా తగిలిస్తే రాగం చెడుతుంది. అందువలన అనుభవజ్ఞులైన శిక్షకులు పల్లవిని అందరికీ అందే స్థాయిలో ఉంచి, చరణాలను ఒకటి స్త్రీలకు, ఒకటి పురుషులకు పంచి, చర్చి గాయకులచేత ఆధార షడ్జమాన్నో పంచమాన్నో వెనుక నిలిపిస్తారు. గమకాలను తగ్గించక తప్పదు. వందమంది ఒకే గమకాన్ని ఒకే విధంగా పలకడం అసాధ్యం. పండితులకు ఇది కష్టంగానే తోస్తుంది. అయినా పంచరత్నాల గోష్ఠిలో పెద్ద విద్వాంసులు సైతం తమ సొంత సంగతులను పక్కనపెట్టి పాడుతారన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

రెండవ చిక్కు తాళం. గురజాడ అప్పారావు 1910లో రచించిన ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయం ఉత్తరాంధ్ర నుంచి దేశానికి అందిన బృందగాన కానుక. ముత్యాలసరంలో మూడు, నాలుగు మాత్రల నడక ఉన్నది. తెలుగు పిల్లలు దీనిని చప్పట్లతో అవలీలగా పాడుతారు. నాలుగు దెబ్బల లెక్కకు అలవాటుపడిన వాద్య బృందం మాత్రం తొలిరోజున ఏడో మాత్ర వద్ద ఎనిమిదోదాని కోసం ఆగిపోతుంది. తప్పెటగుళ్ల కళాకారుడు ఒకరు పక్కన నిలబడి నడక వేస్తే, కాగితంపై గంటసేపు వివరించిన దానికన్న ముందుగా పట్టుబడుతుంది.

మూడవది ఉచ్చారణ. తెలుగు పాటను వంగ గాయకులు తమ లిపిలో రాసుకొని పాడితే అకారం ఓకారం వైపు మొగ్గుతుంది, వకారం బకారమవుతుంది. వారి భాషలో ళకారం వాడుకలో లేదు. ఒడియావారికి ళకారం ఉన్నది గాని అకారపు తీరు వంగానికి దగ్గరగా ఉంటుంది. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం కాబట్టి రాసుకున్నది చూసి పాడితే పలుకు మారే ప్రమాదం ఉన్నది. మలయాళీలకు తెలుగు అక్షరాలన్నీ నాలుక తిరిగినవే. మనవారి తప్పులూ తక్కువ కావు. వంగ గీతంలో పదాంతంలో హల్లు వచ్చినచోట తెలుగు గాయకులు అలవాటు కొద్దీ చివర ఉకారమో అకారమో తగిలిస్తారు. పాట అర్థాన్ని ఆ భాషవారే స్వయంగా చెప్పి, ఒక్కొక్క పాదాన్ని పలికించి, ఆ తరువాతనే స్వరంలో పెట్టడం మేలైన పద్ధతి. ఎనిమిది పాదాల పరభాషా గీతం ఒక బృందానికి పట్టుబడటానికి వారానికి రెండు కూర్చుండ్లు చొప్పున నెలరోజులైనా పడుతుంది. విపత్తు సంభవించిన మూడవ రోజున బృందాలను పిలిచి, పదవ రోజున కార్యక్రమం నిర్వహించేవారు వరుస ప్రదర్శనలతో సరిపెట్టుకోవడానికి కారణం ఇదే.

పాట ఎవరిది, సొమ్ము ఎక్కడిది

పాటల ఎంపికలో కాపీరైటు అంశాన్ని నిర్వాహకులు తరచు విస్మరిస్తున్నారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి అరవై ఏళ్లపాటు హక్కులు వారసులకు ఉంటాయి. 1915లో కీర్తిశేషులైన గురజాడ రచనలకు ఇప్పుడు ఎవరి అనుమతీ అవసరం లేదు. 1983లో మరణించిన శ్రీశ్రీ గేయాలకు, ఇటీవలి చలనచిత్ర గీతాలకు అవసరమే. ఔత్సాహిక సంస్థ ప్రవేశ రుసుము లేకుండా ప్రదర్శించినా, ధార్మిక సంస్థ సహాయార్థం ప్రదర్శించినా చట్టం మినహాయింపు ఇస్తున్నది. తుపాను బాధితుల కోసం టిక్కెట్లు అమ్మి ప్రదర్శించినప్పుడు, ఉద్దేశం ఎంత మంచిదైనా, ఈ మినహాయింపు దానంతట అది వర్తించదు. హక్కుదారుల అనుమతి ముందుగా పొందాలి. అడిగితే కాదనేవారు అరుదు, అడగకపోవడమే సమస్య.

ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనలు–2000 ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు నిషిద్ధం. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల పరిధిని నిశ్శబ్ద మండలంగా పరిగణిస్తారు. కింగ్ జార్జి ఆసుపత్రి పరిసరాలలో, సాగరతీర రహదారిలో వేదికలు కోరేవారు దీనిని దృష్టిలో ఉంచుకోవాలి. సంగీత కార్యక్రమాలకు ప్రవేశ రుసుము ఒక్కొక్కరికి రూ.500 మించకపోతే వస్తు సేవల పన్ను మినహాయింపు ఉన్నది. దాతలు ఆదాయపు పన్ను రాయితీ కోరే పక్షంలో రూ.2,000 మించిన విరాళాన్ని నగదు రూపంలో కాక చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో చెల్లించవలసి ఉంటుంది.

రేవు నగరంలో మరొక జాగ్రత్త అవసరం. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష సందర్భంగా సుమారు యాభై దేశాల నౌకాదళాల ప్రతినిధులు నగరానికి వచ్చారు. 2022, 2024 సంవత్సరాలలో ‘మిలన్’ విన్యాసాలకూ విదేశీ నావికులు వచ్చారు. ఇటువంటి సందర్భాలలో విదేశీయులు పాటలో గొంతు కలపడానికి అభ్యంతరం ఉండనవసరం లేదు. హుండీలో డాలర్లు వేస్తే మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద నమోదైన సంస్థలు మాత్రమే, అదికూడా 2020 సవరణ అనంతరం న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ప్రత్యేక ఖాతా ద్వారానే, ఇటువంటి విరాళాలు స్వీకరించగలవు. సదుద్దేశంతో జోలె పట్టిన స్థానిక భజన సంఘం తెలియక చిక్కుల్లో పడకుండా చూడవలసిన బాధ్యత అనుమతి ఇచ్చే అధికారులపై ఉన్నది.

విలేకరులు అడగవలసినవి

సహాయార్థ సంగీత కార్యక్రమాల వార్తలలో వేదికపై ఆసీనులైన ప్రముఖుల పేర్లు వరుసగా ఉంటాయి. జ్యోతి ప్రజ్వలన ఎవరు చేసినదీ, శాలువా ఎవరు కప్పినదీ ఉంటుంది. పాడిన పాట పేరు, పాడినవారి సంఖ్య చాలాసార్లు ఉండవు. వసూలైన మొత్తం ఉన్నా, అందులో వేదిక, ధ్వని, విద్యుత్, భోజన ఖర్చులు పోగా మిగిలినది ఎంత అన్నది ఉండదు. పత్రికా ప్రకటనలు రూపొందించే అధికారులకు కూడా ఇందులో భాగం ఉన్నదని ఒప్పుకోవలసి ఉంటుంది. స్థూల వసూలు, ఖర్చులు, నికర మొత్తం, అది ముఖ్యమంత్రి సహాయనిధికి జమ అయినదా లేక బాధిత గ్రామానికి నేరుగా అందినదా, జమ అయిన తేదీ, రసీదు, ఈ వివరాలను ప్రకటనలోనే చేర్చడం కష్టమేమీ కాదు. కార్యక్రమం జరిగిన మరునాటి వార్తతో పాటు, సొమ్ము చేరిన తరువాత నాలుగు వాక్యాల రెండవ వార్త కూడా వెలువడితే, తరువాతి విపత్తు వేళ అదే బృందం జోలె పట్టినప్పుడు దాత చేయి వెనుకాడదు.

చిన్న మొత్తాలను చిన్నచూపు చూడటం కూడా తగదు. రెండు వందల మంది ప్రేక్షకులు తలా రెండు వందల రూపాయలు ఇస్తే నలభై వేలు అవుతుంది. తుపానులో వల కోల్పోయిన మత్స్యకారులకు, పుస్తకాలు తడిసిపోయిన విద్యార్థులకు ఆ మొత్తం అక్కరకు వస్తుంది. పెద్ద నిధి పునర్నిర్మాణానికి ఉపయోగపడగా, ఇటువంటి చిన్న నిధి పేరుపేరునా మనుషులకు చేరుతుంది. నిర్వాహకులు సహాయ గ్రామాన్ని, అవసరాన్ని ముందుగానే నిర్ణయించి ప్రకటించిన చోట వసూళ్లు మెరుగ్గా ఉంటాయనడం అనుభవజ్ఞుల మాట.

బంగాళాఖాతంలో తుపానులు ప్రధానంగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, తిరిగి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఏర్పడుతుంటాయి. కావున రెండు లేక మూడు భాషల పాటలను జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సాధన చేసి సిద్ధంగా ఉంచుకొనడం బృందాలకు అనుకూలం. దసరా, దుర్గాపూజలకు, క్రిస్మస్‌కు సముదాయాలు ఎలాగూ సాధనకు కూర్చుంటాయి. ఆ సాధనలోనే పొరుగు బృందం నుంచి ఇద్దరు ముగ్గురిని ఆహ్వానించి ఒక పాట చొప్పున మార్చుకుంటే ప్రత్యేక ఖర్చు ఉండదు. పాటల ప్రతులను తెలుగు, ఒడియా, వంగ, మలయాళ, తమిళ లిపులలో పక్కపక్కన అచ్చువేయించి, చివరి పుటలో రసీదు పుస్తకం వరుస సంఖ్యలను రాసుకొనేందుకు కొంత ఖాళీ స్థలం ఉంచుకోవచ్చు.